గాంధీ హాస్పిటల్ దగ్గర ఆదివారం అన్నం పొట్లాలు: పొట్లం మీద చర్చి పేరు ఉండాలా, వద్దా?

పద్మారావ్‌నగర్_యూత్
సూటిగా విషయానికొస్తా. మా యూత్ ప్రతి ఆదివారం సాయంత్రం గాంధీ హాస్పిటల్ బయట 150 పొట్లాలు పంచుదామంటున్నారు. రోగులకు కాదు, వాళ్ళ వెంట వచ్చి మెట్ల మీదా చెట్ల కిందా పడుకునే అటెండెంట్లకి. కమిటీ ఒప్పుకుంది గానీ మూడు షరతులు పెట్టింది. ఆరడుగుల బ్యానర్, పొట్లంలో ఒక కరపత్రం, ఇచ్చేటప్పుడు ఫోటోలు. సగం మంది పిల్లలు "ఇది ప్రేమా, ప్రచారమా" అని అలిగి కూర్చున్నారు. నాకు రెండు కావాలి. ఈ షరతుల మీద వాక్యం ఏమంటుంది? అసలు 150 మందికి వండి పంచడం ఎలా? యూత్‌లో ఎవరికీ మ్యాగీ దాటి వంట రాదు.

ఐదో_బెంచి
మొదటిదానికి జవాబు మత్తయి 6:3. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు. అయిపోయింది, తాళం వేసేయండి థ్రెడ్‌కి.

సువార్త_సైకిల్
అంత తొందరెందుకు బ్రదర్? అదే కొండమీది ప్రసంగంలో ఒక్క అధ్యాయం వెనక్కెళ్తే 5:16 ఉంది. మనుషులు మీ సత్క్రియలు చూడాలనే కదా వెలుగు ప్రకాశించనియ్యమన్నది? పేరు చెప్పకుండా పంచితే సంఘానికీ ఎన్జీవోకీ తేడా ఏముంది?

గ్రీకు_గోల
రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన మాటలు, కాబట్టి ఒకదాన్ని పట్టుకొని రెండోదాన్ని కొట్టలేం. తేడా వాక్యం చివర్లో ఉంది. 5:16లో చూసినవాళ్ళు మహిమపరిచేది పరలోకమందున్న తండ్రిని. 6:1లో తప్పుపట్టింది మనుషులకు కనబడాలనే ఉద్దేశంతో చేయడాన్ని. పని ఒకటే కావచ్చు, పొగడ్త ఎవరి ఖాతాలో జమవుతుందన్నదే ప్రశ్న. ఆరడుగుల బ్యానర్ మీద ఎవరి ఫోటో ఉంటుందో చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది.

ఐదో_బెంచి
ఫోటో ఎవరిదో చెప్పక్కర్లేదు. కోటు, టై, చేతిలో మైకు.

మారేడ్‌పల్లి_మార్త
బ్యానర్ గొడవ తర్వాత చూసుకోవచ్చు. వంట ఎవరు చేస్తారు? గిన్నెలు ఎవరివి?

గ్రీకు_గోల
పేరుకు తగ్గట్టే అడిగారక్కా. దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ లూకా 10లో అయిపోగానే, అదే అధ్యాయంలో, వంటింట్లో సతమతమయ్యే మార్త వస్తుంది. "నువ్వూ వెళ్ళి అలాగే చెయ్యి" అన్న వెంటనే "చేయడం కాసేపు ఆపి కూర్చో" అన్నట్టు. లూకా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడం ఊరికే కాదనుకుంటా.

డేగిశా_దాదా
వంట నేను చెప్త. రాసుకో తమ్మీ.

బగారా, దాల్చా అని ఉరకకుర్రి. నూనె ఎక్కువ, మసాలా ఎక్కువ, నిద్ర లేనోళ్ళ కడుపుకు పడదు. కిచిడీ మంచిదే గని వేడిగ తినాలె, పొట్లంల ముద్దయితది. మీకు రానోళ్ళకు పులిహోరే దిక్కు. చింతపండు పులుపుంటది గద, జల్ది పాడు గాదు.

150 పొట్లాలకు లెక్క:
సోనామసూరి 15 కిలోలు. మనిషికి 100 గ్రాములు పచ్చి బియ్యం, ఉడికితే 300 గ్రాముల దాకా అయితది.
చింతపండు 900 గ్రాములు. నూనె 2 లీటర్లు. పల్లీలు ముప్పావు కిలో. పసుపు 75 గ్రాములు. శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపుకు సరిపోను. పచ్చిమిర్చి ఇంట్ల వేసేదాంట్ల సగమే.
కోడిగుడ్లు 150, అరటిపండ్లు 150.

ఇంట్ల ఒకటికి రెండు నీళ్ళు పోస్తరు. పెద్ద గిన్నెల గట్ల పోస్తే జావయితది, ఆవిరి తక్కువ పోతది గనక ఒకటికి ఒకటింముప్పావు చాలు. 15 కిలోలు ఒక్క డేగిశాల వేయకుర్రి. అడుగు మాడుతది, మీద పలుకుంటది. రెండిట్ల 7న్నర చొప్పున వేయుర్రి. అన్నం దించినంక శుభ్రమైన బట్ట మీదనో వెడల్పు తాంబాళాల్లనో పరచి ఆరబెట్టి అప్పుడు కలపాలె. వేడి మీద కలిపితే మెతుకు విరిగిపోతది.

ఇంకొకటి, పులిహోరను అల్యూమినియం గిన్నెల కలపొద్దు, అల్యూమినియం డబ్బాల పెట్టొద్దు. పులుపుకు అది కరుగుతది, చేదొస్తది. స్టీలుల కలుపుర్రి, విస్తరాకుల కట్టుర్రి.

రెడ్‌హిల్స్_సిస్టర్
దాదా చెప్పిందానికి ఒకటి కలుపుతున్నా. "పులుపు కాబట్టి పాడవదు" అని మధ్యాహ్నం రెండింటికి వండి రాత్రి ఎనిమిదింటికి పంచొద్దు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్న గంటల్లో మొలిచి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకే "కొంచెం వేడి చేసి ఇచ్చేద్దాం" అన్నది ఇక్కడ పనికిరాని మాట. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో అన్నం ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. ఆరబెట్టేటప్పుడు పలచగా పరచండి, ఫ్యాను పెట్టండి. వండిన రెండు గంటల్లో తినేవాళ్ళ చేతికి చేరాలి.

ఎనిమిదింటికి పంచాలంటే వంట 6:15కి దిగాలి. ఒక్కో పొట్లానికి ముప్పావు నిమిషం అనుకుంటే నలుగురు కూర్చుంటే 150 పొట్లాలు అరగంటలో కడతారు.

కొబ్బరి చట్నీ వద్దు, పెరుగన్నం వద్దు, ఉడికించిన బంగాళాదుంప వద్దు. గుడ్డు పెంకుతోనే ఇవ్వండి. ఒలిచిన గుడ్డుకి పది చేతులు తగులుతాయి. న్యూస్‌పేపర్‌లో కట్టకండి, ఆ సిరా అన్నానికి అంటుతుంది. ప్లాస్టిక్ చెంచాలు, పళ్ళేలు 2022 జూలై 1 నుంచి నిషేధం.

పద్మారావ్‌నగర్_యూత్
గుడ్డు తినని వాళ్ళుంటే?

డేగిశా_దాదా
గుడ్డు పొట్లంల పెట్టకు. వేరే ట్రేల పెట్టి అడిగి ఇయ్యి. 150ల ఒక 30 మంది వద్దంటరనుకో, ఆళ్ళకు రెండో అరటిపండు. ఇట్ల అడిగి ఇచ్చుడే సగం మర్యాద.

గ్రీకు_గోల
"అడిగి ఇచ్చుడే సగం మర్యాద" అన్నది బర్తిమయి కథ. మార్కు 10:51. గుడ్డివాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అతనికేం కావాలో చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా యేసు "నీకు నేనేం చేయాలి" అని అడిగాడు. కనికరం ఎదుటివాడి నోరు మూయించదు.

రెడ్‌హిల్స్_సిస్టర్
ఇంకా ముఖ్యమైంది ఇది. పొట్లం అటెండెంట్ చేతికే, "ఇది మీకే, పేషెంట్‌కి కాదు" అని నోటితో చెప్పి ఇవ్వాలి. ఎందుకంటే:

మర్నాడు పొద్దున ఆపరేషన్ ఉన్నవాళ్ళని రాత్రి నుంచి ఏమీ తినొద్దని చెప్పి ఉంచుతారు. జాలిపడి ఎవరో రెండు ముద్దలు పెడతారు. మత్తు ఇచ్చాక కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఏమీ కాకపోయినా ఆపరేషన్ వాయిదా పడుతుంది, కూలి మానుకొని వచ్చిన కుటుంబం ఇంకో రోజు ఆగాలి.

కిడ్నీ పేషెంట్లకు అరటిపండు, కొబ్బరినీళ్ళు ప్రమాదం. వాటిలోని పొటాషియం వాళ్ళ ఒంట్లోంచి బయటికి పోదు, గుండె లయ తప్పుతుంది. మనం "పండేగా" అనుకుంటాం.

రేపు నీలోఫర్ పిల్లల ఆస్పత్రి దగ్గరా మొదలుపెడదామని ఎవరైనా అంటే, పాలపొడి డబ్బాలు, పాలసీసాలు మాత్రం పంచకండి. 1992 నాటి చట్టం ప్రకారం శిశువుల పాలపొడిని అలా ఉచితంగా పంచడం నేరం. నీళ్ళు బాగోక, పలచగా కలిపి పడితే బిడ్డకి విరేచనాలు. తల్లికి కడుపునిండా అన్నం పెట్టండి, పాలు ఆవిడే ఇస్తుంది.

మారేడ్‌పల్లి_మార్త
ఈ పోస్టు ప్రింటు తీసి యూత్ రూములో అతికించండి. ప్రేమ ఉంటే చాలు అనుకునేవాళ్ళ కోసం.

ఐదో_బెంచి
అంతా బాగుంది గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. ఉచితంగా పెడుతూ పోతే జనం సోమరులవరా? పనిచేయనివాడు తినకూడదని పౌలే రాశాడు. 2 థెస్సలొనీక 3:10.

గ్రీకు_గోల
తెలుగు బైబిల్లో అక్కడున్న మాట "పనిచేయనొల్లని యెడల". ఒల్లని, అంటే ఇష్టం లేని. పని దొరకనివాడు కాదు, చేయలేనివాడు కాదు. పల్లె నుంచి తండ్రిని తీసుకొచ్చి పది రోజులు కూలి పోగొట్టుకున్నవాడికి ఆ వచనం ఎలా తగులుతుంది?

ఇంకా గట్టి చోటు గలతీ 6. రెండో వచనం "ఒకరి భారాలు ఒకరు మోయండి" అంటుంది, ఐదో వచనం "ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి" అంటుంది. చూడ్డానికి తగువులా ఉంటుంది. గ్రీకులో రెండూ వేరే మాటలు. మొదటిది బారే, మనిషిని కుంగదీసే బరువు. రెండోది ఫోర్తియోన్, ఎవరి మూట వాళ్ళది. ఆస్పత్రి మెట్ల మీద ఉన్నవాడు మూట మోయలేక రాలేదు, బండరాయి తన మీద పడి వచ్చాడు.

ఐదో_బెంచి
సరే, ఒల్లని దగ్గర ఒప్పుకుంటున్నా. కానీ పనికి అన్నం అనేది మన మిషనరీలు చేసిందే కదా. మెదక్ చర్చి కరువు రోజుల్లో పోస్నెట్ దొర పని కల్పించి అన్నం పెట్టి కట్టించిందే.

బొల్లారం_బుక్స్
నిజమే, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు, కట్టడానికి పదేళ్ళు పట్టింది. కానీ అక్కడ పనిచేయగలిగినవాళ్ళకి పని ఇచ్చారు. అదే కాలంలో నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇజబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగుల ఆస్పత్రి నడిపింది. అక్కడ మొదట చికిత్స, పని తర్వాతి మాట. ఆ ఆస్పత్రికి లక్ష రూపాయలిచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఎవరు ఏ మతమని ఆయన అడగలేదు, ఆవిడా అడగలేదు. కరపత్రం షరతు పెట్టిన కమిటీకి ఈ సంగతి చెప్పండి.

సువార్త_సైకిల్
కరపత్రం మీద అందరికీ ఎందుకంత కోపం? రొట్టె ఒక్కటీ చాలదని ప్రభువే అన్నాడు.

రాత్రి_డ్యూటీ
కోపం కాదన్నా. ఆకలితో చెయ్యి చాపినవాడు "కాగితం వద్దు, అన్నం ఇవ్వు" అనలేడు. వద్దనలేని స్థితిలో ఉన్నవాడికి ఏం ఇచ్చినా అది బలవంతమే. పైగా నూనె అంటిన కాగితంలో వాక్యం కాసేపటికి చెత్తకుండీలోనో కాలి కిందో ఉంటుంది. అది మీకే బాధ. సర్కారీ దవాఖాన ఆవరణలో మతం కాగితాలు కనబడితే రెండో వారం గేటు దగ్గరే ఆపేస్తారు. పోయేది అన్నం.

గ్రీకు_గోల
లూకా 17 చూడండి. పదిమంది కుష్ఠురోగులు బాగయ్యారు, తిరిగొచ్చింది ఒక్కడు. ఆ ఒక్కడూ సమరయుడే. తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు గానీ వాళ్ళ జబ్బు వాళ్ళకి తిరిగి అంటించలేదు. యోహాను 6:26లో రొట్టెలు తిని తృప్తిపడ్డారు కాబట్టే నన్ను వెదుకుతున్నారని మందలించాడు. అదీ పెట్టిన మర్నాడు, పెట్టక ముందు కాదు.

సువార్త_సైకిల్
మరి ఎవరైనా "మీరెందుకు పెడుతున్నారు" అని అడిగితే?

రాత్రి_డ్యూటీ
అడిగితే చెప్పండి, హాయిగా. 1 పేతురు 3:15 ఉన్నదే దానికి. అడిగినవాడికి, సాత్వికంతో.

సువార్త_సైకిల్
సరే, ఆ వరుస నాకు నచ్చింది. అడిగినవాళ్ళతో మాట్లాడ్డానికి ఇద్దరు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. కుర్రాళ్ళు వాదనకు దిగుతారు.

పాత_పరిశుద్ధుడు
ఇక్కడ అందరూ ప్రేమ ప్రేమ అంటున్నారు. అగాపే అంటే దేవుని ప్రేమ, ఫిలియా అంటే స్నేహం. అన్నం పెట్టడం మానవప్రేమ మాత్రమే. అగాపేతో కలపకండి.

గ్రీకు_గోల
ఈ మాట పాస్టర్లు చాలామంది చెప్తారు గానీ నిలబడదు. పౌలుతో పనిచేసిన దేమా ఈ లోకాన్ని ప్రేమించి వెళ్ళిపోయాడని 2 తిమోతి 4:10లో ఉన్న మాట అగాపావోనే, అంటే అగాపేకి క్రియ. పాత నిబంధన గ్రీకు అనువాదంలో దావీదు కొడుకు అమ్నోను తన చెల్లెలు తామారు మీద పడ్డ మోహానికీ అదే మాట. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తాడని యోహాను 3:35లో అగాపావో, 5:20లో ఫిలేయో, అంటే ఫిలియాకి క్రియ. మాటలో పవిత్రత లేదు, ఆ ప్రేమ ఏం చేసిందన్నదాంట్లో ఉంది.

అసలు చూడాల్సిన మాట ఇంకోటి ఉంది. సమరయుడు "జాలిపడి" అనీ, తప్పిపోయిన కొడుకుని చూసి తండ్రి "కనికరపడి" అనీ మన బైబిల్లో రెండు మాటలు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే, స్ప్లాంఖ్నిజొమై. స్ప్లాంఖ్న అంటే పేగులు. మనం "కడుపు తరుక్కుపోయింది" అంటామే, అచ్చంగా అది. నాయీను ఊళ్ళో ఒక్కగానొక్క కొడుకుని మోసుకుపోతున్న విధవరాలిని చూసినప్పుడూ ఇదే మాట. హెబ్రీలో కనికరానికి రహమీమ్, అది గర్భం అనే మాట తోబుట్టువు. మన కడుపుతీపి, పేగుబంధం ఎదురుగా ఉండగా జాలి అనే పలచని మాట ఎందుకు వాడారో నాకు అర్థం కాదు.

పాత_పరిశుద్ధుడు
దేమా సంగతి నేను చూసుకోలేదు. ఆలోచిస్తా.

డేగిశా_దాదా
కడుపు తరుక్కుపోయినోడు ముందు కడుపుకే పెడ్తడు. నేను గ్రీకు చదవకనే చెప్పిన.

లెక్కల_లాజరు
డబ్బు సంగతి. పెద్ద మార్కెట్లో కొంటే దాదా లెక్కకి సుమారుగా ఇలా వస్తుంది. బియ్యం 780, నూనె 300, చింతపండు 160, పల్లీలు 105, పోపు సామాను 100, గుడ్లు 975, అరటిపండ్లు 750, ఆకులు, కట్టే సామాను 750, గ్యాసు 250, ఆటో 400. మొత్తం 4,570. పొట్లానికి 30 రూపాయల పైన కొంచెం. ఏడాదికి 52 ఆదివారాలంటే 2,37,640.

ఇప్పుడు కమిటీని అడగండి, ఆ రెండు లక్షల ముప్పై ఏడు వేలు ఉన్నాయా? క్రిస్మస్ ముందు నాలుగు వారాలు పెట్టి జనవరిలో ఆపేసేదైతే, మొదలే 60 పొట్లాలతో ఏడాదంతా పెట్టండి. ఐదో వారం అక్కడ మీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఆ పూట వేరే అన్నం వెతుక్కోరు. మొదలుపెట్టి మానేయడం మొదలే పెట్టకపోవడం కంటే చెడ్డది.

సమరయుడి లెక్క చూడండి. పూటకూళ్ళవాడికి రెండు దేనారాలిచ్చాడు. దేనారం ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకిచ్చింది అదే. అంటే రెండు రోజుల కూలి ముందుగా. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడం అందరూ బొమ్మ గీస్తారు. ఆ బాకీ ఒప్పుకున్నది ఎవరూ గీయరు.

ఐదో_బెంచి
లాజరన్నా, కమిటీ మీటింగుకి నువ్వే రా.

లెక్కల_లాజరు
ఇంకా అయిపోలేదు. డబ్బు ఒక్కడి చేతిలో పెట్టకండి. కొరింథు నుంచి యెరూషలేము బీదలకు చందా పంపేటప్పుడు పౌలు తనొక్కడే మోసుకెళ్ళలేదు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి జత చేశాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని అలా చేస్తున్నామని 2 కొరింథీ 8:20లో రాశాడు కూడా. ప్రతి వారం బిల్లులు, ఇద్దరి సంతకాలు, నెలకోసారి నోటీసు బోర్డు మీద. పంచిన మొహాల ఫోటో తీయక్కర్లేదు, బిల్లుల ఫోటో తీయండి.

మారేడ్‌పల్లి_మార్త
బిల్లుల ఫోటో! ఇది కమిటీకి నచ్చదు, అందుకే మంచిది.

రాత్రి_డ్యూటీ
పంచే పద్ధతి. ముందు సూపరింటెండెంట్‌కి అర్జీ, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)తో మాట. ఏ గేటు దగ్గర, ఏ టైమ్‌లో అని రాయించుకోండి. అంబులెన్సు వచ్చే దారిలోనూ మెట్రో మెట్ల దగ్గరా లైన్ వద్దు. ప్రభుత్వాస్పత్రుల్లో అటెండెంట్లకి ఐదు రూపాయల భోజనం 2022లో మొదలైంది. మీరు వెళ్ళే చోట, మీరు వెళ్ళే పూట ఏం దొరుకుతోందో కళ్ళారా చూసి, అది లేని పూటకి వెళ్ళండి. ఉన్నదాని పక్కనే ఇంకో అన్నం పెడితే రెండూ మిగులుతాయి.

లైన్‌లో పొట్లం పంచితే గట్టిగా తోసుకొచ్చినవాడికి రెండు, ముసలమ్మకి సున్నా. అందుకే టోకెన్. పంచడానికి గంట ముందు ఇద్దరు తిరిగి అటెండెంట్ పాస్ చూసి ఒక్కో టోకెన్ ఇవ్వాలి. 150 పొట్లాలుంటే 140 టోకెన్లే. మిగతా పది నడవలేనివాళ్ళకి, పేషెంట్‌ని వదిలి రాలేనివాళ్ళకి కూర్చున్న చోటికే. అయిపోతే "అయిపోయింది" అని చేతులు జోడించి చెప్పే ఒక పెద్ద మనిషి కావాలి, అరిచే కుర్రాడు కాదు.

గ్రీకు_గోల
యేసు ఐదు రొట్టెలతో జనానికి పెట్టిన చోటా మొదటి పని లైనే. మార్కు 6:40, నూరేసి మంది, యాభైయేసి మంది చొప్పున పచ్చిక మీద పంక్తులు తీరి కూర్చున్నారు. ఆ తర్వాతే రొట్టె విరిచాడు. అపొస్తలుల కార్యాలు 6లో గొడవా పంపకం గొడవే. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజూ పంచేది సరిగా అందట్లేదని సణుగుడు. దానికి ఏడుగురిని ఏర్పరిచారు. సణిగినవాళ్ళని నోరు మూసుకోమనలేదు.

ఐదో_బెంచి
అప్పుడు కూడా కమిటీయే వేశారన్నమాట.

రెడ్‌హిల్స్_సిస్టర్
ఇప్పుడు పేరు సంగతి. బ్యానర్ వద్దన్నవాళ్ళంతా ఒకటి మర్చిపోతున్నారు. పొట్లం మీద ఏమీ లేకపోతే, రాత్రి పదకొండింటికి ఇరవై మందికి వాంతులైతే డాక్టర్ ఎవరిని అడగాలి? పొట్లం మీద చిన్న చీటీ తప్పకుండా ఉండాలి. ఏం వండారు, ఎన్నింటికి వండారు, ఎన్నింటిలోపు తినాలి, పల్లీలున్నాయని, వండించినవారి పేరు, ఫోన్ నంబరు. ప్రతి వారం ఒక పొట్లం మీ ఫ్రిజ్‌లో 48 గంటలు ఉంచండి. ఏదైనా జరిగితే పరీక్షకి అదే పంపాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. లాభం లేకుండా పంచినా ఆ చట్టం దృష్టిలో అది ఆహార వ్యాపారమే.

సువార్త_సైకిల్
అంటే పేరు ఉండొచ్చన్నమాట!

రెడ్‌హిల్స్_సిస్టర్
ఉండాలి. చీమంత అక్షరాల్లో, నింద మోయడానికి.

బొల్లారం_బుక్స్
ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన మంచి మాట ఇదే. 4వ శతాబ్దంలో రోమా చక్రవర్తి జూలియన్‌కి క్రైస్తవులంటే గిట్టదు. అయినా తన పూజారికి ఉత్తరం రాస్తూ, ఈ గలిలయులు (క్రైస్తవులకి ఆయన పెట్టిన పేరు) వాళ్ళ బీదలతో పాటు మన బీదలనీ పోషిస్తున్నారని వాపోయాడు. ఏ బ్యానర్ చూసి రాశాడు?

పద్మారావ్‌నగర్_యూత్
చీటీ ఐడియా కమిటీకి చెప్పగలను. ఇంకో భయం. మొదటి నెల అందరూ వస్తారు. తర్వాత ముగ్గురం మిగులుతాం. స్వార్థం లేని ప్రేమ అంటే అలిసిపోకూడదా?

మారేడ్‌పల్లి_మార్త
అలిసిపోతారు బాబూ, తప్పులేదు. నాలుగు జట్లు చేయి. ఒక్కో జట్టుకి నెలకి ఒక్క ఆదివారం. జట్టుకి తొమ్మిదిమంది, వంటకి ముగ్గురు, కట్టడానికి నలుగురు, టోకెన్లకి ఇద్దరు. పంచేటప్పుడు అందరూ. గిన్నెలు తోమేవాళ్ళు వండినవాళ్ళు కాకూడదు, గొడవలు అక్కడే మొదలవుతాయి. ఐదో ఆదివారం వచ్చే నెలల్లో పెద్దవాళ్ళ సంఘం చేయాలి, అది ముందే రాయించుకో.

గ్రీకు_గోల
మోషే పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెప్తుంటే మామ యిత్రో వచ్చి "ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు" అన్నాడు. నిర్గమ 18. ఒంటరి త్యాగం ఎదుటివాళ్ళనీ నలిపేస్తుందని మామగారు కనిపెట్టాడు.

ఐదో_బెంచి
బైబిల్లో అల్లుడికి పనికొచ్చే సలహా ఇచ్చిన మామ ఈయనొక్కడే.

రాత్రి_డ్యూటీ
పంచేశాక అక్కడ పది నిమిషాలు ఉంటారు కదా, అప్పుడు కూడా కొన్ని పద్ధతులున్నాయి. నిలబడి మాట్లాడకండి, వాళ్ళ పక్కన కింద కూర్చోండి. "ఏ ఊరు, ఎవరికి బాగాలేదు" వరకు చాలు. జబ్బు పేరు తవ్వకండి. "దేవుడు పరీక్షిస్తున్నాడు", "అంతా మన మంచికే" అనే మాటలు నోట్లోంచి రాకూడదు. కష్టాల్లో ఉన్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే చెడ్డారు. ప్రార్థన చేయమని వాళ్ళే అడిగితే చిన్నగొంతుతో, ఒక్క నిమిషం. పక్కవాళ్ళూ నిద్రపోవాలి.

రెడ్‌హిల్స్_సిస్టర్
చివరిగా ఒకటి, మీ యూత్‌లో 18 నిండినవాళ్ళు ఎంతమంది? అన్నం ఎవరైనా పెడతారు, రక్తమే దొరకదు. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. కాలేజీలకి సెలవులిచ్చే ఎండాకాలంలో రక్తనిధులు ఖాళీ. అందరూ ఒకే రోజు క్యాంపు పెట్టి ఇచ్చేస్తే అందులో కొంత గడువు దాటిపోతుంది. నాలుగు జట్లున్నాయిగా, జట్టుకో వారం చొప్పున పంపండి. మగవాళ్ళు 90 రోజులకోసారి, ఆడవాళ్ళు 120 రోజులకోసారి. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

గ్రీకు_గోల
ఆ సంచీ మీద ఇచ్చినవాడి పేరు కూడా రోగికి కనబడదు. మత్తయి 6:3 అచ్చంగా అమలయ్యే చోటు.

ఐదో_బెంచి
బ్యానర్ పట్టే జాగా కూడా లేదు దాని మీద.

పద్మారావ్‌నగర్_యూత్
కమిటీకి రాస్తున్నది ఇదీ: వారానికి 60 పొట్లాలు, ఏడాదంతా. చీటీ ఉంటుంది, బ్యానర్ ఉండదు. కరపత్రం ఉండదు, అడిగితే చెప్పడానికి ఇద్దరు పెద్దవాళ్ళు. బిల్లుల ఫోటో. మొదటి ఆదివారం పొట్లాలేవీ లేకుండా ఊరికే వెళ్ళి, ఏ పూట ఏం దొరుకుతోందో అడిగి రావడం. దాదా, 60కి బియ్యం 6 కిలోలు, సరే. ఉప్పు ఎంతో మీరు రాయనే లేదు.

డేగిశా_దాదా
మర్చిన తమ్మీ. కిలో పచ్చి బియ్యానికి 20 గ్రాములు. 6 కిలోలకు 120. అన్నంల వేయకు, పులుసుల వేసి ఉడికించు, అంతటా సమంగ పడ్తది. ఎక్కువైందో తక్కువైందో ముందు మీరు తిని చూడుర్రి.